చేతి విద్య విద్యేనా?

ఇంటర్ అయ్యాక విశ్వవిద్యాలయంలో చేరడమా, ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకోవడమా అన్నది ఇళ్లలో సాధారణంగా జీతం లెక్కల మీద తేలుతుంది. ఏ దారిలో ఉద్యోగం ముందు వస్తుంది, ఎక్కడ ఫీజు తక్కువ, రేపు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఏ మాట నిలబడుతుంది అన్నవే తూకానికి వస్తాయి. ఆ లెక్కల అడుగున మరికొన్ని ప్రశ్నలున్నాయి. అవి తత్వశాస్త్రానివి. చేతితో నేర్చుకున్నది జ్ఞానమేనా, లేక జ్ఞానం ఉన్నవాళ్లు చెప్పింది చేసిపెట్టే నేర్పు మాత్రమేనా? ఆ దారి పట్టిన మనిషి తన ధర్మాన్ని తాను ఎంచుకున్నట్టా, పుట్టుకా పేదరికమూ కలిసి అతని తరఫున ఎంచేసినట్టా? పని నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ మధ్య ఉన్నది గురుశిష్య బంధమా, కూలి బంధమా? విశాఖపట్నంలో గాజువాకను ఆనుకుని ఉన్న ఆటోనగర్‌లో ఈ ప్రశ్నలకు పుస్తకం అక్కర్లేదు. షెడ్డు గుమ్మంలో నిలబడితే చాలు, అవే ఎదురవుతాయి.

విశాఖలో పెద్ద పరిశ్రమలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఓడరేవు 1933లో తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ నౌకల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948లో నెహ్రూ సముద్రంలోకి దించారు. అదే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, 1966లో భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ వచ్చాయి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 1992లో పీవీ నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. ఇంత ఇనుము కదిలే ఊళ్లో అరిగిన షాఫ్టులు, పళ్లు విరిగిన గేర్లు, వదులైన బుష్‌లు నిత్యం పుడుతూనే ఉంటాయి. వాటిని బాగుచేసేవి, కొత్తవి తయారుచేసేవి, లారీల ఇంజన్లు విప్పి బిగించేవి అయిన షెడ్డులన్నీ కలిసిందే ఆటోనగర్. అక్కడ లేత్ మీద పనిచేసేవాడు టర్నర్, ఆకురాయీ పానాలూ పట్టేవాడు ఫిట్టర్, ఇనుము అతికేవాడు వెల్డర్. ఈ ముగ్గురికీ పని నేర్పినవాడు మాత్రం ఒకే పేరుతో పిలిపించుకుంటాడు. అతడు గురువుగారు. విశ్వవిద్యాలయంలో ‘సర్’ అనే చోట షెడ్డులో ఈ పాత మాట ఇంకా బతికే ఉంది.

చట్టం ఈ బంధాన్ని ఎలా చూస్తుందో ముందే చెప్పుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్‌షిప్ అంటే యజమానికీ నేర్చుకునేవాడికీ మధ్య నమోదయ్యే ఒప్పందం. మొదట ఫిట్టర్, టర్నర్ లాంటి ట్రేడులకే వర్తించిన ఆ చట్టంలోకి 1973 సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లూ వచ్చారు. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో మార్చిన నిబంధనలు చెప్పాయి. చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల కనీస స్టైపెండ్‌ను అవే నిర్ణయించాయి. చట్టంలోని 18వ సెక్షన్ ఇక్కడ కీలకం. అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే తప్ప కార్మికుడు కాడని అది తేల్చింది. ఆరోగ్యం, భద్రత, సంక్షేమం నియమాలు అతనికి వర్తిస్తాయి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమానే ఇవ్వాలి. అంతకుమించి కార్మిక చట్టాల నీడ అతని మీద పడదు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధమూ లేదు. షిప్‌యార్డు, నౌకాదళ డాక్‌యార్డు, రైల్వే షెడ్డు లాంటి చోట్ల ఇదంతా కాగితం మీద నడుస్తుంది. పదిమంది కూడా లేని చిన్న షెడ్డులో మాట మీద నడుస్తుంది. మేనమామో, పక్కింటాయనో తీసుకొచ్చి అప్పజెబుతాడు, మర్నాటి నుంచి కుర్రాడు పనిలో ఉంటాడు.

ఆ మొదటి రోజుల్లో అతడు నేర్చుకునేదేమిటో దగ్గర నుంచి చూస్తే తాత్విక ప్రశ్నకు సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఫిట్టర్ ట్రేడులో తొలి పాఠం ఆకురాయి పట్టడం. మైల్డ్ స్టీలు ముక్కను వైస్‌లో బిగించి, కుడిచేత్తో పిడి, ఎడమచేత్తో కొన పట్టుకుని ముందుకు తొయ్యాలి. ముందుకు వెళ్లేటప్పుడే రాయి కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు బరువు వెయ్యకూడదు. చూడ్డానికి ఇంతకంటే సులువు లేదనిపిస్తుంది. కొత్తవాడి చెయ్యి తోపు మొదట్లో ఒకలా, చివర్లో ఇంకోలా ఊగుతుంది. ఆ ఊపుకు ముక్క రెండు అంచులూ దిగిపోయి నడుమ గుబ్బలా మిగులుతుంది. అతని కంటికి మాత్రం చదునుగానే కనిపిస్తుంది. అప్పుడు గురువు మాటతో ఏమీ చెప్పడు. ముక్క మీద మూలమట్టం ఆనించి, రెంటినీ కలిపి వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకోమంటాడు. అంచు కింద సన్నటి వెలుగు గీత కనిపిస్తే పని కాలేదు. గీత ఎక్కడ లావుగా ఉందో అక్కడ పల్లం, ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఎత్తు. మళ్లీ వైస్, మళ్లీ ఆకురాయి. వారాల తరబడి ఇదే. ఒకరోజు వెలుగు ఎక్కడా దూరదు. ఆ రోజుకు ముక్క చదునైంది, దానితోపాటు చేతి ఊపూ పోయింది.

ఆ వెలుగు గీత ముందు సిఫారసు పనిచెయ్యదు. ముక్క చదునుగా ఉందని అందరూ ఒప్పుకున్నా, కాగితం మీద రాసిచ్చినా గీత చెరగదు. పరీక్షలో గైడు బట్టీపట్టి నెగ్గవచ్చు, మౌఖికంలో మాటకారితనంతో గట్టెక్కవచ్చు. మూలమట్టం కింద అలా కుదరదు. సత్యం మనిషి ఇష్టానికి లొంగేది కాదన్న మాటను తత్వశాస్త్రం ఎన్ని గ్రంథాల్లో చెప్పినా, పదిహేడేళ్ల కుర్రాడు దాన్ని వేళ్లతో తెలుసుకునే చోటు ఇది. చేతి పనికి నైతిక విలువ ఉందనడానికి ఇదే అన్నిటికన్నా గట్టి ఆధారం. క్రమశిక్షణ, ఓర్పు అంటూ సాధారణంగా చెప్పే గుణాలు దీని తర్వాతే వస్తాయి.

తెలుగు భాష ఈ సంగతి ఎప్పుడో గుర్తించింది. కూటి కోసం కోటి విద్యలు అన్న సామెతలో విద్య అంటే బతుకుతెరువు. చేతి విద్య, గారడీ విద్య, వంట విద్య అన్నీ విద్యలే. చదువుకోవడం, నేర్చుకోవడం రెండింటిలోనూ ‘కొను’ ఉంది, అంటే రెండూ మనిషి తనకోసం తాను చేసేవి. ‘ఒడుపు’ అన్న మాట మరీ విలువైనది. బరువు ఎంత, కోణం ఎంత, వేగం ఎంత అని విడదీసి చెప్పలేకపోయినా చేతికి తెలిసిన తెలివి అది. కలం పట్టేవాణ్ని మెచ్చుకోవాలన్నా చేయి తిరిగిన రచయిత అంటారు. బుద్ధితో చేసే పనికి కూడా మెప్పు చేతి నుంచే అరువు తెచ్చుకున్న భాషలో, చేతి పనివాణ్ని చదువు లేనివాడి కింద కట్టే అలవాటు ఎలా వచ్చిందన్నది వేరే విచారణ. దాని మూలాలు భాషలో లేవు, కులంలో ఉన్నాయి.

ఒడుపుకు పాశ్చాత్య తత్వశాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో పేర్లు వెతుక్కుంది. గిల్బర్ట్ రైల్ 1949లో వచ్చిన తన గ్రంథం ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో ఒక విషయం ఫలానా అని తెలియడానికీ, ఒక పని ఎలా చెయ్యాలో తెలియడానికీ తేడా చూపించాడు. రెండోది మొదటిదానికి నీడ కాదని వాదించాడు. రసాయన శాస్త్రం నుంచి తత్వానికి వచ్చిన మైకేల్ పొలాన్యి ఇంకో అడుగు వేసి, మనిషి చెప్పగలిగినదానికన్నా అతనికి తెలిసింది ఎప్పుడూ ఎక్కువేనని, శాస్త్రవేత్త ప్రయోగశాల కూడా ఇలాంటి చెప్పలేని తెలివి మీదే నడుస్తుందని చూపాడు. వీళ్లకు రెండువేల ఏళ్లకు ముందే చైనా తాత్వికుడు జువాంగ్‌జీ పేరు మీద ఉన్న గ్రంథంలో ఒక బండిచక్రాల పనివాడు రాజుతో వాదిస్తాడు. ఉలి మరీ మెల్లగా నడిస్తే పట్టు దొరకదు, మరీ వేగంగా నడిస్తే చెక్క మొరాయిస్తుంది, ఆ నడిమి వేగం తన కొడుక్కి కూడా మాటల్లో చెప్పలేకపోయానంటాడు. చనిపోయిన జ్ఞానుల పుస్తకాల్లో మిగిలింది పిప్పేనని అతని తీర్పు.

ఆ చివరి తీర్పును పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. ఆటోనగర్ లేత్ మీద కూడా పుస్తకం ఉంది. నాలుగు దవడల చక్కులో బిగించిన జాబ్ నడిమికి వచ్చిందో లేదో చూడ్డానికి టర్నర్ సుద్దముక్కను తిరిగే ఇనుముకు దగ్గరగా పెడతాడు. ఎత్తున్న వైపే సుద్ద అంటుకుంటుంది, ఆ వైపు దవడ బిగిస్తాడు, ఎదుటిది వదులుతాడు. ఇది ఒడుపు. అదే టర్నర్ మర కొయ్యాలంటే పిచ్ లెక్క వెయ్యాలి, డ్రాయింగ్ చదవాలి, మైక్రోమీటరులో మిల్లీమీటరుకు నూరో వంతు చూడాలి. అది జ్యామితి, గణితం. చేతిలో ఒడుపు ఉండి లెక్క రానివాడు పాత జాబ్‌కు నకలు తియ్యగలడు, కొత్తది తయారుచెయ్యలేడు. చేతి పనిని పొగిడే రచనలు చాలావరకు ఈ రెండో సగాన్ని వదిలేస్తాయి. అది అప్రెంటిస్‌కు మేలు చెయ్యదు.

భారతీయ సంప్రదాయంలో జ్ఞానానిది పైమెట్టు, కర్మది కింది మెట్టు అన్న భావం గట్టిగా పాతుకుంది. శంకరాచార్యులు మోక్షం జ్ఞానంతోనే తప్ప కర్మతో రాదని వాదించారు. ఈ మాటనే లోకం తన అవసరానికి దించుకుని, బుద్ధితో బతికేవాడు మేలు, చేతితో బతికేవాడు తక్కువ అన్నదానికి ఆసరాగా వాడుకుంది. ఇది పెద్ద పొరపాటు. శంకరులు కర్మ అన్నప్పుడు ముందుగా ఉద్దేశించింది యజ్ఞయాగాది విహిత కర్మలను. ముండకోపనిషత్తు విద్యలను పర, అపర అని రెండుగా విడదీసింది. నాశనం లేనిదాన్ని తెలిపేది పరవిద్య. మిగిలినదంతా అపరవిద్య. ఆ మిగిలినదాని జాబితాలో నాలుగు వేదాలు, వ్యాకరణం, జ్యోతిషం కూడా ఉన్నాయి. ఆ కొలత పెడితే బీటెక్ పట్టా, పీహెచ్‌డీ, లేత్ పని మూడూ ఒకే గట్టున నిలబడతాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఉపనిషత్తులను లోకానికి వివరించిన తాత్వికుడు నడిపిన ఆ వాల్తేరు విద్యాపీఠానికీ, ఈనాటి ఆటోనగర్‌కూ మధ్య దూరం ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. వేదాంతం ప్రకారం చూస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి ఆ దూరంలో ఎక్కడా ఆధారం దొరకదు.

పనిలోంచి జ్ఞానం వచ్చిన కథ కూడా ఉపనిషత్తుల్లోనే ఉంది. ఛాందోగ్యంలో సత్యకాముడు తండ్రి ఎవరో తెలియని పిల్లవాడు. తల్లి జబాల చెప్పిన నిజాన్ని అలాగే గురువు ముందు పెట్టాడు. హారిద్రుమత గౌతముడు ఆ నిజాయితీ చూసి శిష్యుడిగా తీసుకుని, మొదటి పాఠంగా నాలుగు వందల బక్క ఆవులను అప్పజెప్పాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానన్నాడు కుర్రాడు. ఏళ్లు గడిచాయి. మంద వెయ్యికి చేరాక తిరిగివచ్చే దారిలో ఎద్దు, నిప్పు, హంస, నీటిపక్షి తలా ఒక పాదం బ్రహ్మజ్ఞానం చెప్పాయి. ఆ సత్యకాముడే గురువైనప్పుడు అతని శిష్యుడు ఉపకోసలుడు పన్నెండేళ్లు అగ్నులను కనిపెట్టుకుని ఉన్నాడు. తోటివాళ్లందరినీ పంపేసి తనను మాత్రం పంపకపోతే బెంగతో తిండి మానేశాడు. చివరికి ఆ అగ్నులే అతనికి పాఠం చెప్పాయి. ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఊళ్లో, నిప్పు పాఠం చెప్పిందంటే వింతగా వినిపించదు. కొలిమి రంగు చూసి వేడి చెప్పగలవాడికి నిప్పు పాఠం చెప్పినట్టే.

ఈ కథల్లోనే ప్రమాదమూ ఉంది. ఆరు నెలలుగా టీలు తెప్పించుకుంటూ, నేల ఊడిపించుకుంటూ, మిషన్ మీద చెయ్యి వెయ్యనివ్వని యజమాని కూడా సత్యకాముడి కథనే తనకు అండగా చెప్పుకోగలడు. ఆవులు కాయడం చదువైనప్పుడు ఊడ్చడం కాదా అనగలడు. తేడా చాలా స్పష్టమైనది. ఒప్పజెప్పిన పని శిష్యుణ్ని విద్య వైపు నడిపిస్తే సేవ, గురువు ఖర్చు తగ్గించడానికి మాత్రమే పనికొస్తే దోపిడీ. అప్రెంటిస్ కార్మికుడు కాడని చట్టం అన్నదంటే, కార్మికుడికి దక్కే రక్షణలను పక్కన పెట్టి శిష్యుడి హోదా ఇచ్చిందన్నమాట. ఆ హోదాకు తగిన నేర్పు దక్కకపోతే అతనికి కూలివాడి హక్కూ లేదు, శిష్యుడి భాగ్యమూ లేదు. ఇంత అన్యాయమైన స్థితి ఇంకొకటి ఉండదు.

గీత నాలుగో అధ్యాయం జ్ఞానం పొందే మార్గంగా మూడింటిని కలిపి చెప్పింది: ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ. అంటే వినయం, ఎదురు ప్రశ్న, శుశ్రూష. షెడ్డులో మొదటిదీ మూడోదీ పుష్కలం. నడిమిది కరవు. ఎందుకలా అని అడిగితే ‘ముందు చెప్పింది చెయ్యరా’ అన్న జవాబు వస్తుంది. విశ్వవిద్యాలయంలో ప్రశ్నకు చోటుంది, కనీసం ఉండాలి. మెటలర్జీ తరగతిలో కూర్చున్నవాడికి ఉక్కు ఎందుకు పెళుసవుతుందో అడిగే తీరిక, చెప్పే మనిషి, చదివే గ్రంథాలయం దొరుకుతాయి. వెల్డర్‌కు అదే పగులు కంటిముందు కనిపిస్తున్నా కారణం తెలిసే దారి లేక అనుభవంతో సర్దుకుపోతాడు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఈ తీరికను తక్కువ చెయ్యడం తప్పు. అప్రెంటిస్ దారి మంచిదా కాదా అన్నది దారి పేరును బట్టి తేలదు, ఆ షెడ్డులో ప్రశ్నకు చోటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇక అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఎంపికది. స్వధర్మం లోపంతో ఉన్నా పరధర్మం కన్నా మేలని గీత చెప్పింది. తన పనితోనే దైవాన్ని అర్చించవచ్చనీ చెప్పింది. మహాభారతం వనపర్వంలో తపశ్శక్తి ఉన్న కౌశికుడు మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లి ధర్మం నేర్చుకోవాల్సి వచ్చింది. ఇవన్నీ పనికి గౌరవం ఇచ్చిన మాటలే. కానీ ఆ స్వధర్మం ఎవరు నిర్ణయిస్తారు? ధర్మవ్యాధుడు కూడా తన పని కులక్రమంగా వచ్చిందనే చెప్పుకున్నాడు. కులం పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసే మనుషులనే విడదీసి ఒకరి మీద ఒకర్ని పేర్చిందని అంబేద్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో ఎత్తిచూపిన లోపం సరిగ్గా ఇదే. అక్కడ మనిషి ఇష్టానికీ, సామర్థ్యానికీ తావు లేదు.

తెలుగు జిల్లాలకు ఇది పుస్తకాల సంగతి కాదు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు రోజుకు మూడు గంటలే బడి, మిగతా సమయం తల్లిదండ్రుల వృత్తి అనే పథకం తెచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా విశాఖ కూడా ఆ రాష్ట్రంలోనిదే. చాకలి కొడుకు చాకలిగా, కుమ్మరి కొడుకు కుమ్మరిగా మిగలాలన్నదే దీని అర్థమని ద్రావిడ ఉద్యమం తిరగబడింది. 1954లో రాజాజీ దిగిపోయారు, తర్వాత వచ్చిన కామరాజ్ పథకాన్ని రద్దు చేశారు. 1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ కూడా చేతిపనినే చదువుకు మధ్యలో పెట్టింది. అయితే అందులో రాట్నం ఏ కులం పిల్లవాడికైనా ఒకటే. ఆ ఒక్క తేడాతో రెండు పథకాల నీతి పూర్తిగా మారిపోతుంది. గాంధీది పనిని అందరికీ పంచింది, రాజాజీది ఎవరి పనిలో వాళ్లను బిగించింది.

అందుకే తాత తోలు పని, తండ్రి కొలిమి పని చేసిన ఇంట్లో బీటెక్ సీటు వస్తే ఊరంతా మిఠాయి పంచడాన్ని పట్టా మోజు అని తీసిపారేయడం అన్యాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఇళ్లకు ఆ కాగితం ఒక సంకెల తెగినట్టు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన శ్రమ గౌరవం పుస్తకం కుమ్మరి, చాకలి, మాదిగ, రైతుల పనిలోని శాస్త్రాన్ని వివరించింది. ఆ పుస్తకం కోరింది ఆ పిల్లలు అదే పనిలో ఉండిపోవాలని కాదు, చదువుకునే ప్రతి పిల్లవాడూ ఆ పనిని గౌరవించాలని. అప్రెంటిస్‌షిప్‌కు నైతిక బలం వచ్చేది కూడా ఇక్కడే. చక్కగా చదివే, సీటు రాగల, ఏ కులానికైనా చెందిన పిల్లవాడు లేదా పిల్ల తెలిసి తెలిసి ఆకురాయి పట్టినప్పుడు అది స్వధర్మం. వేరే తలుపులన్నీ మూసుకున్నాక మిగిలిన తలుపులోంచి వచ్చినప్పుడు ఆ మాట వాడటం మనిషిని మోసం చెయ్యడమే. ‘పిల్ల’ అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆడపిల్ల కూర్చోవడం మామూలైపోయాక కూడా ఆటోనగర్ షెడ్డుల్లో లేత్ ముందు ఆడపిల్ల కనిపించడం అరుదు. విశ్వవిద్యాలయం ఈ విషయంలో ముందుంది.

ఇతర ధర్మాల్లోనూ పనికి, ముక్తికి ముడి ఉంది. పాల్కురికి సోమన బసవపురాణంలో భక్తులుగా వెలిగినవాళ్లలో చాకలి మాచయ్య, బోయ కన్నప్ప ఉన్నారు. వీరశైవుల ‘కాయకం’ అన్న భావన చేసే పనినే కొలుపుగా చూసింది. కమ్మరి, వడ్రంగి పనుల విశ్వబ్రాహ్మణులు తమవాడిగా కొలిచే పోతులూరి వీరబ్రహ్మం, సంప్రదాయం చెప్పే ప్రకారం బనగానపల్లెలో అచ్చమ్మ ఇంట పశువులు కాశారు. సత్యకాముడి ఆవులు ఇక్కడ మళ్లీ కనిపిస్తాయి. ఖురాన్‌లో దావూదు ప్రవక్తకు ఇనుము మెత్తబడింది, కవచాలు అల్లే నేర్పు దైవం నుంచి అందింది. క్రొత్త నిబంధనలో ఏసు వడ్రంగి, పౌలు గుడారాలు కుట్టి బతికాడు. ఓడరేవు ఎదుట మూడు కొండల మీద వెంకటేశ్వరుడి గుడి, మేరీమాత చర్చి, ఇసాక్ మదీనా దర్గా పక్కపక్కన ఉన్న విశాఖలో, షెడ్డు గోడ మీద ఏ పటం ఉన్నా దాని వెనక ఒక పనివాడి కథ ఉంటుంది. దసరాకు ఆయుధపూజ నాడు లేత్‌ను తుడిచి పసుపు కుంకుమ పెడతారు, నిమ్మకాయ కడతారు, ఆ రోజు మిషన్ తిప్పరు. ఏడాదంతా మనిషి చేతికి సాధనంగా ఉన్న వస్తువు ఆ ఒక్కరోజూ పని నుంచి విడుదలై దైవం స్థానంలో నిలుస్తుంది.

బౌద్ధం మాత్రం ఇంకో ప్రశ్న జోడించింది. అష్టాంగమార్గంలో సమ్యక్ ఆజీవం ఒక అంగం. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం అనే ఐదింటి వ్యాపారం ఉపాసకుడికి తగదని బుద్ధుడు చెప్పినట్టు త్రిపిటకంలో ఉంది. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ ఆరామాల నేల ఇది. తూర్పు నౌకాదళానికి కేంద్రమైనదీ ఇదే. పని ఎంత నేర్పుగా చేశామన్నది ఒక విచారణ. ఆ పనితో తయారైన వస్తువు ఎవరికి ఏం చేస్తుందన్నది రెండోది. యుద్ధనౌకకు వాల్వు చేసే అప్రెంటిస్‌కు ఈ రెండోది తగులుతుంది, ఆ నౌకకు గణితం వేసే పట్టభద్రుడికీ అంతే తగులుతుంది. చేతికి నూనె అంటుకుంది కాబట్టి పాపం ఎక్కువా కాదు, కంప్యూటరు ముందు కూర్చున్నాడు కాబట్టి తక్కువా కాదు.

ఫలితం సంగతికొస్తే, ఉక్కు కర్మాగారానికి 64 గ్రామాల భూములు పోయాయి. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామన్న మాట ఆర్-కార్డు రూపంలో మిగిలింది. ఆ ఇళ్లలో ఎన్నో ఏళ్లు ఐటీఐ, ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ అంటే కర్మాగారం గేటుకు తాళంచెవి. 2021 జనవరిలో కేంద్రం ఆ సంస్థలో వాటా మొత్తం అమ్మాలని నిర్ణయించడం, ఊరంతా పోరాటానికి దిగడం, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ రావడం మధ్య పర్మినెంటు ఉద్యోగం అన్న ఆశ బాగా సన్నగిల్లింది. ఇలాంటప్పుడు ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమన్న గీతోపదేశాన్ని అప్రెంటిస్‌కు వినిపించడానికి చాలామంది సిద్ధంగా ఉంటారు. నిష్కామకర్మ మనిషి తనకు తాను పెట్టుకునే నియమం. ఫలం ఇవ్వాల్సినవాడు, ఫలం పొందాల్సినవాడికి దాన్ని బోధించడం ధర్మం కాదు. స్టైపెండ్ ఇచ్చే చెయ్యి ఆ శ్లోకం చదవకూడదు.

తలుపు ఒకసారి మూస్తే మళ్లీ తెరుచుకోనిదైతే ఏ ఎంపికా స్వేచ్ఛగా జరగదు. ఐటీఐ చేసినవాడు పాలిటెక్నిక్ రెండో ఏట చేరవచ్చు, డిప్లొమా అయినవాడు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరవచ్చు. 1927 నుంచి రైల్వే జమాల్‌పూర్ వర్క్‌షాపులో స్పెషల్ క్లాస్ అప్రెంటిస్‌లను తీసుకుని వాళ్లనే అధికారులుగా తీర్చిదిద్దింది. ఇంటర్‌తోనే ఆ పరీక్ష రాసి, విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కకుండా ఇంజనీరింగ్ పెద్ద పదవులకు ఎక్కిన తరాలున్నాయి. 2015 పరీక్ష తర్వాత ఆ దారి మూతపడింది. పనిలోంచి పైకి వెళ్లే అలాంటి నిచ్చెన మళ్లీ కట్టకుండా, అప్రెంటిస్‌షిప్ కూడా చదువుతో సమానమేనని ప్రచారం చెయ్యడంలో బలం ఉండదు. గౌరవం సంగతిలో కొంత కదలిక ఉంది. 2022 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు, ఐటీఐ విద్యార్థులకు దేశమంతటా మొదటిసారి స్నాతకోత్సవం జరిగింది. విశ్వవిద్యాలయాల్లో తైత్తిరీయోపనిషత్తు ఉపదేశం వినిపించే ఆ వేడుక, చేతి విద్యకు చేరడానికి స్వాతంత్ర్యం వచ్చాక ఇంత కాలం పట్టింది.

చట్టం రాయగలిగినవి స్టైపెండ్, పని గంటలు, పరిహారం, ధ్రువపత్రం. రాయలేనిది ఒకటి ఉంది. ఇవాళ పని నేర్చుకున్నవాడు రేపు ఎదుటి వరసలో షెడ్డు పెట్టి అదే గిరాకీని లాక్కోవచ్చు. అందుకని కొందరు మేస్త్రులు అన్నీ నేర్పుతారు గాని, చివరి కిటుకు దగ్గర శిష్యుణ్ని ఏదో పని మీద బయటికి పంపుతారు. టూల్ సానపట్టేటప్పుడు కోణం ఎంత ఉంచాలి, కాలిన ఉక్కు ఏ రంగుకు వచ్చినప్పుడు నూనెలో ముంచాలి, చివరి కోతకు ఎంత మిగల్చాలి అన్నవి అతడు తిరిగొచ్చేసరికి అయిపోయి ఉంటాయి. ఈ దాపరికాన్ని పట్టుకునే సెక్షన్ లేదు, ఇన్‌స్పెక్టరూ లేడు. సత్యకాముడు వెయ్యి ఆవులతో తిరిగొచ్చినప్పుడు అతని ముఖం చూసే గురువుకు తెలిసిపోయింది, ఇతడు వేరేచోట ఎక్కడో నేర్చుకున్నాడని. మనుషులెవరూ చెప్పలేదు, అయినా మీ నోటి నుంచి వినాలని ఉంది అన్నాడు శిష్యుడు. గౌతముడు మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. అందులో ఏదీ వదిలిపెట్టలేదని ఉపనిషత్తు పనిగట్టుకుని రెండుసార్లు చెప్పింది.